మనిషెక్కే రాకెట్టు, మనిషి మీద పడే రాకెట్టు

హయత్‌నగర్ ఒక ఆడమనిషి పేరు మీద వెలిసిన ఊరు. ఆమె హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు, సుల్తాన్ మహమ్మద్‌కు భార్య, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాటలో వ్యాపారులూ ఫకీర్లూ దిగి నడుం వాల్చడానికి ఇక్కడ మసీదూ, దాని చుట్టూ సరాయీ కట్టారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. హయాత్ అంటే బతుకు. బతుకు పేరు పెట్టుకున్న ఈ ఊరి నుంచి బయల్దేరి ఎల్బీనగర్ చౌరస్తాలో ఎడమకు తిరిగి సాగర్ రోడ్డు దాటితే గంటలోపే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడ గోడలు మొదలవుతాయి. గోడ మీద ముళ్ళతీగ, ముళ్ళతీగ వెనక తుపాకీ పట్టుకున్న జవాను. క్షిపణులు తయారయ్యేది ఆ గోడల వెనకే.

రక్షణశాఖ వాళ్ళ క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1962లో హైద్రాబాదు చేరింది. తర్వాత లోహాల పరిశోధనశాల వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని వచ్చాయి. 1980లలో ఇమారత్ కంచ అనే రాళ్ళూ తుప్పలూ ఉన్న బీడు మీద ఇంకో పెద్ద కేంద్రం లేచింది. ఆ బీడు పేరే దానికి పెట్టారు: రీసెర్చ్ సెంటర్ ఇమారత్. ఇమారత్ మన ఉర్దూ మాట, కంచ మన తెలుగు మాట. ఈ దేశపు క్షిపణి చరిత్ర రాసేవాడు ఢిల్లీలో కాదు, మా తూర్పు హైద్రాబాదు బస్తీల పక్కన కూర్చుని రాయాలి. ఆ గోడ ఇవతల చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్, హఫీజ్‌బాబానగర్. పంక్చర్లు వేసేవాళ్ళూ, వెల్డింగు చేసేవాళ్ళూ, బీడీలు చుట్టే ఆడవాళ్ళూ ఉండే బస్తీలు. గోడ లోపలి జ్ఞానం ఇవతలి బస్తీకి ఎంత చేరిందన్నది ఇంకో వ్యాసం. ఇప్పుడు చెప్పబోయేది వేరు.

1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు నేను పనిచేసే చోట ఒకాయన టీ తాగుతూ చాలా ప్రేమగానే అన్నాడు: "ముసల్మానంటే కలాంలాగ ఉండాలె భాయ్." నేనేం మాట్లాడలేదు. ఆయన తిట్టలేదు కదా, మెచ్చుకున్నాడు. కానీ ఆ మెచ్చుకోలులో ఒక కొలబద్ద ఉంది. ఈ కొలబద్ద మిగతావాళ్ళకు లేదు. రెడ్డిగారి దేశభక్తిని ఏ రెడ్డి శాస్త్రవేత్తతోనూ కొలవరు. శర్మగారు రాకెట్టు చేయకపోయినా ఈ దేశం వాడే. మాకు మాత్రం అగ్గి పుట్టించి చూపిస్తేనే ఇల్లు మాదవుతుందా? ఆ ప్రశ్న పట్టుకుని పోతే నాకు రాకెట్టు చరిత్ర మొత్తం తిరగేయాల్సి వచ్చింది.

దక్కన్ యుద్ధాల్లో రాకెట్టును 'బాన్' అనేవాళ్ళు. అంటే బాణమే. పెళ్ళిళ్ళలో, దీపావళికి కాల్చేవాటిని మనం ఇప్పటికీ బాణసంచా అంటాం. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ చేసిన కొత్త పని, మందును ఇనుప గొట్టంలో కూరి దాన్ని వెదురు బొంగుకు కట్టడం. ఇనుము ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది కాబట్టి బాణం కిలోమీటరుకు పైగా పోయింది. 1780లో పొల్లిలూరు దగ్గర కల్నల్ బెయిలీ దండు ఓడిపోయిన యుద్ధంలో ఇవి ఇంగ్లీషువాళ్ళను హడలెత్తించాయి. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువాళ్ళు ఆ గొట్టాలను ఊలిచ్ ఆయుధశాలకు పట్టుకుపోయారు. విలియం కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు తయారు చేశాడు. 1807లో కోపెన్‌హాగెన్ తగలబడింది వాటితోనే. 1814లో బాల్టిమోర్ కోట మీద పడ్డదీ అవే. అమెరికా జాతీయగీతంలో రాకెట్ల ప్రస్తావన అలా వచ్చింది. అమెరికా రోదసీ సంస్థ నాసాకు చెందిన వాలప్స్ ద్వీపంలో టిప్పు సైన్యం రాకెట్లు పేల్చే బొమ్మ గోడకు వేలాడుతుండగా చూశానని కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు. సొంత దేశం మరిచిపోయిన మనిషిని అక్కడ గుర్తుపెట్టుకున్నారే అని ఆయన ఆశ్చర్యపోయారు.

మన పుస్తకాలు ఇంతవరకూ చెప్పి గర్వపడి ఆపేస్తాయి. హైద్రాబాదువాడు ఇంకొక్క వాక్యం చెప్పాలి. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఇంగ్లీషువాళ్ళ పక్కన నిలబడింది మన నిజాం సైన్యం. మీర్ ఆలం చెరువుకూ మీర్ ఆలం మండీకీ పేరిచ్చిన మీర్ ఆలమే దాని పెద్ద. బాన్ పేల్చినవాడూ ముసల్మానే, బాన్ ఎదుర్కోవడానికి ఇంగ్లీషువాడితో చేతులు కలిపినవాడూ ముసల్మానే. మతాన్ని బట్టి యుద్ధాన్ని చదివేవాళ్ళు ఈ సంగతి ఎక్కడ పెట్టుకుంటారో మరి.

రాకెట్టు మొదటినుంచీ యుద్ధం కడుపున పుట్టిందే. 1944లో హిట్లర్ లండన్ మీద, ఆంట్వెర్ప్ మీద వేసిన వీ-2 తగిలి చచ్చినవాళ్ళకంటే, దాన్ని కొండ కింద సొరంగంలో తయారు చేస్తూ చచ్చిన డోరా క్యాంపు ఖైదీలే ఎక్కువ. దాన్ని రూపొందించిన వాన్ బ్రాన్ తర్వాత అమెరికాకు వెళ్ళి చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే రాకెట్టు చేశాడు. 1957 ఆగస్టులో సోవియట్లు ఆర్-7 అనే ఖండాంతర క్షిపణి పేల్చారు. అక్టోబరులో అదే రాకెట్టు మీద స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12న దాని వంశంలోని రాకెట్టు మీదే గగారిన్. 1962లో జాన్ గ్లెన్ ఎక్కింది అట్లాస్ క్షిపణి. ఆ దేశాల్లో క్షిపణి మెత్తబడి రాకెట్టయింది. మన దగ్గర రాకెట్టు గట్టిపడి క్షిపణయింది. కలాం నాయకత్వంలో 1979 ఆగస్టు 10న సముద్రంలో కూలి, 1980 జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 ఉంది కదా, దాని మొదటి అంచే 1989 మే 22న పోయిన అగ్నికి మొదటి అంచె అయింది.

అయితే క్షిపణి మీద మనిషెక్కితే దానిలో ఏం మారుతుంది? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. పైకి చూస్తే పెద్దగా ఏం మారదు. అదే మంట, అదే పొగ. లోపల మాత్రం లెక్క మొత్తం మారుతుంది. క్షిపణి తప్పితే సొమ్ము పోతుంది, ఇంకోటి చేస్తారు. మనిషి ఉన్నప్పుడు ప్రతి వాల్వుకూ ఇంకో వాల్వు, ప్రతి కంప్యూటరుకూ ఇంకో కంప్యూటరు కావాలి. అన్నిటికంటే పైన, గది కొనకు ఒక చిన్న రాకెట్టు బిగిస్తారు. కింద పెద్ద రాకెట్టు పేలబోతే మనుషులున్న గదిని ఒక్క గుంజుడు గుంజి దూరంగా పడేసే రాకెట్టు. దాని పని తప్పించుకోవడం ఒక్కటే. ఎవర్నీ చంపడానికి పనికిరాని రాకెట్టు అదొక్కటే అనుకుంటాను.

1983 సెప్టెంబరు 26 గురించి చెప్పాలి. ఆ నెల మొదటి తారీఖునే సోవియట్ యుద్ధవిమానం దారితప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది. 269 మంది పోయారు. లోకం బిగుసుకుని ఉంది. 26న, మాస్కోలో అర్ధరాత్రి దాటిన కాసేపటికి, స్తనిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి ముందు హెచ్చరిక యంత్రం మోగింది. అమెరికా క్షిపణి వస్తోంది. ఒకటి కాదు, ఐదు. పై అధికారులకు దాడి జరుగుతోందని చెప్పడం ఆయన డ్యూటీ. యుద్ధం మొదలెట్టేవాడు ఐదుతో మొదలెడతాడా అని ఆయన ఆలోచించాడు. తప్పుడు హెచ్చరిక అని చెప్పాడు. నిజంగా తప్పే. మబ్బుల మీద పడి మెరిసిన ఎండను చూసి ఉపగ్రహం క్షిపణి మంట అనుకుంది.

అదే తారీఖు రాత్రి బైకనూర్‌లో సోయజ్ ఎక్కి వ్లదీమిర్ తితోవ్, గెన్నదీ స్త్రెకాలోవ్ కూర్చున్నారు. లేవడానికి నిమిషంన్నర ఉందనగా కింద ఇంధనం చిమ్మి అంటుకుంది. మంట తీగల్ని కాల్చేసింది కాబట్టి తప్పించే రాకెట్టు తనంతట తాను వెలగలేదు. బంకరులో ఉన్నవాళ్ళు రేడియో మీద ఆజ్ఞ పంపేసరికి పది సెకన్లు పైనే గడిచాయి. అప్పుడు ఆ చిన్న రాకెట్టు గదిని గుంజుకుపోయింది. మరో రెండు సెకన్లకు కింద ఉన్నదంతా పేలిపోయింది. ఇద్దరూ నాలుగు కిలోమీటర్ల అవతల ప్రాణాలతో దిగారు.

ఆ స్త్రెకాలోవే ఆరు నెలలకు, 1984 ఏప్రిల్ 3న, మన రాకేశ్ శర్మ పక్క సీట్లో కూర్చున్నాడు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో రాయరు. అక్కడి నుంచి హిందుస్తాన్ ఎలా కనిపిస్తోందని ఇందిరా గాంధీ అడిగితే శర్మ ఇక్బాల్ తరానా మొదటి మాటలతో జవాబిచ్చాడు. అది మాత్రం అందరికీ గుర్తే. కానీ ఆ మాటలు రాసిన ఇక్బాల్‌ను పాకిస్తాన్ తన కవిగా చెప్పుకుంటుందనీ, ఉర్దూ బోర్డు కనబడితే మొహం చిట్లించేవాళ్ళు కూడా ఆ జవాబు విని చప్పట్లు కొట్టారనీ ఎవరూ గుర్తు చేయరు.

మన జ్ఞాపకంలో ఇంకో మనిషి అసలే లేడు. అబ్దుల్ అహద్ మొహమంద్. అఫ్ఘన్ వైమానికదళం మనిషి. 1988 ఆగస్టు 29న సోయజ్ ఎక్కి మీర్ కేంద్రానికి పోయాడు. ఖురాన్ వెంట తీసుకుపోయాడు. అక్కడి నుంచి పష్తోలో మాట్లాడాడు. కింద అఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సైన్యం మూటాముల్లె సర్దుకుంటోంది. ఊళ్ళు కాలుతున్నాయి. ఆయన్ని పైకి పంపింది దోస్తీ చూపించుకోవడానికి. పైకెక్కించిన చేతులే కింద బాంబులు వేశాయి. అది ఆయనకు తెలియదా? తెలుసు. అయినా ఆ పది రోజులు ఒక అఫ్ఘన్ మనిషి పేరు లోకమంతా ఇంకో సంగతికి పలికింది.

తిరుగుప్రయాణం సెప్టెంబరు 6న. పక్కన కమాండర్ ల్యాఖోవ్. కిందికి దిగాలంటే ఇంజను వెనక్కి మండించి వేగం తగ్గించాలి. భూమి అంచును చూసి దిక్కు పట్టే సెన్సరు ఎండ మెరుపుకు తికమకపడింది. ఇంజను సమయానికి వెలగలేదు. ఏడు నిమిషాల తర్వాత తనంతట తానే వెలిగితే, అలా దిగితే ఎక్కడ పడతామోనని ల్యాఖోవ్ ఆపేశాడు. రెండోసారి ప్రయత్నిస్తే కంప్యూటరు పాత ప్రయాణపు లెక్క పట్టుకుని కొద్ది సెకన్లకే ఆపేసింది. ఇక ఒక రోజు ఆగాల్సిందే. ఎక్కడ? అప్పటి పద్ధతి ప్రకారం దిగే ముందే పై గదిని విడగొట్టి వదిలేశారు. మరుగుదొడ్డి అందులోనే పోయింది. మీర్‌కు తిరిగి అతుక్కునే తలుపూ అందులోనే పోయింది. ఇద్దరు మనుషులు, ఇరుకు గది, చాలీచాలని నీళ్ళు. వీటన్నిటికంటే పెద్ద గండం ఒకటి నిశ్శబ్దంగా వస్తోంది. ఇంజను పని అయిపోయిందనుకున్న కంప్యూటరు, ఆ ఇంజనున్న భాగాన్ని కూడా విడగొట్టడానికి అంకెలు లెక్కపెడుతోంది. అదీ పోతే వాళ్ళు కిందికి దిగే దారే లేదు. తెరమీద ఆ అంకెల్ని చూసి తానే కమాండర్‌ను హెచ్చరించానని అహద్ తర్వాత చెప్పాడు. ల్యాఖోవ్ దాన్ని ఆపాడు. మర్నాడు ఇద్దరూ నేల మీద దిగారు. అప్పటినుంచి సోయజ్‌లో పద్ధతే మారింది. ఇంజను మండి ముగిశాకనే పై గదిని వదులుతారు. ఇవాళ సోయజ్‌లో దిగే ప్రతి మనిషి, అమెరికావాడైనా రష్యావాడైనా, ఆ రోజు నేర్చుకున్న పాఠం వల్ల కొంత భద్రంగా దిగుతున్నాడు.

ఆ అహద్‌కు సొంత దేశంలో చోటు మిగల్లేదు. 1992లో జర్మనీ చేరి శరణార్థి అయ్యాడు. స్టుట్‌గార్ట్‌లో మామూలు ఉద్యోగం చేసుకుని బతికాడు. 1987లో మీర్‌కు వెళ్ళిన సిరియా వ్యోమగామి మహమ్మద్ ఫారిస్ కథ కూడా ఇంతే. 2012లో అసద్ ప్రభుత్వాన్ని కాదని టర్కీకి దాటాడు, 2024లో అక్కడే కన్నుమూశాడు. రోదసి నుంచి క్షేమంగా దిగివచ్చినవాళ్ళకు నేల మీద క్షేమం దొరకలేదు.

ఇక పేర్ల సంగతి. 1988 ఫిబ్రవరిలో మనవాళ్ళు పృథ్విని పరీక్షించారు. పృథ్వి అంటే భూమి. అవతలివాళ్ళ చెవికది పృథ్వీరాజ్ అని వినిపించింది. 1998 ఏప్రిల్ 6న వాళ్ళు పరీక్షించిన దానికి ఘోరీ అని పేరు పెట్టారు. తర్వాత గజ్నవీ, అబ్దాలీ. మా వీరుల పేర్లు మీ క్షిపణులకు పెట్టొద్దని 2006లో అఫ్ఘనిస్తాన్ ప్రభుత్వం పాకిస్తాన్‌ను అడగాల్సి వచ్చింది. ఈ పేర్ల ఆటలో నలిగింది మాత్రం హయత్‌నగర్‌లో సైకిలు మీద గుడ్లు అమ్ముకునే సాయిబు. వాడికి ఘోరీ ఎవరో తెలియదు. అయినా ఇస్లామాబాదులో ఎవడో పెట్టిన పేరుకు వాడు ఇక్కడ జవాబుదారీ అయ్యాడు. మనవాళ్ళ జాబితా కూడా చూడండి: అగ్ని, నాగ్, త్రిశూల్, ఆకాశ్. సంస్కృతం కాబట్టి అది మతం కాదు, సంస్కృతి. ఇవన్నీ నడిపించినవాడు రామేశ్వరం పడవవాడి కొడుకు అబ్దుల్ కలాం.

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో ఐదు పేలుళ్ళు జరిగాయి. మే 28న అవతల చాగై కొండల్లో జరిగాయి. 2002లో గుజరాత్ కాలిన నెలల్లోనే, ఆ పార్టీ ప్రభుత్వమే కలాంను రాష్ట్రపతి పదవికి నిలబెట్టింది. గెలిచాక ఆయన ఆగస్టులో అక్కడి సహాయ శిబిరాలకు వెళ్ళారు. అంతకుమించి ఆయన చేయగలిగేవాడా లేదా అన్న తగువు మాలో ఇంకా తెగలేదు. నేను కలాంను తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఆయన్ని ఎలా వాడుకున్నారో చెప్పడానికి రాస్తున్నాను. అగ్ని పోయే దారిలో మంటను తట్టుకునే తేలిక పదార్థాలు చేసిన చేతులే నిమ్స్ ఆస్పత్రిలో పోలియో పిల్లల కాళ్ళకు కట్టే పట్టాలు చేశాయి. మూడు కిలోలకు పైగా బరువుండే కాలిపట్టా 300 గ్రాములకు దిగింది. తన పనులన్నిటిలో ఇదే తనకు ఎక్కువ ఆనందం ఇచ్చిందని కలాం ఎన్నో సభల్లో చెప్పారు. డాక్టర్ సోమరాజుతో కలిసి గుండెకు వేసే చౌక స్టెంటు చేశారు. ఇవి రెండూ హైద్రాబాదు పనులే. కానీ నాతో టీ తాగినాయన నోట ఆ కాలిపట్టా మాట రాలేదు. 2015లో ఆయన పోయాక పేరు పెట్టిందీ క్షిపణుల ప్రాంగణానికే.

మంటను తట్టుకునే పదార్థం అన్నాను కదా. అగ్ని ముక్కుకు కవచం కార్బన్-కార్బన్ అనే పదార్థం. అమెరికా కొలంబియా షటిల్ రెక్క అంచుకు వాడిందీ ఆ జాతి పదార్థమే. 2003 జనవరి 16న కొలంబియా లేచేటప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఆ రెక్కకు తగిలింది. కింద ఉన్న ఇంజనీర్లకు అనుమానం వచ్చింది. గూఢచారి ఉపగ్రహాలతో ఫోటోలు తీయించమని అడిగారు. పైవాళ్ళు వద్దన్నారు. ఫిబ్రవరి 1న రెక్కలోకి మంట దూరింది. ఏడుగురూ పోయారు. ఇంకో దేశపు రహస్యాన్ని ఫోటో తీయడానికి ఉన్న కన్ను, సొంత మనుషుల రెక్కను చూడటానికి తిరగలేదు.

ఆ ఏడుగురిలో కర్నాల్ అమ్మాయి కల్పనా చావ్లా ఉంది. ఇజ్రాయెల్ పైలట్ ఇలాన్ రామోన్ ఉన్నాడు. 1981లో ఇరాక్ అణుకేంద్రం మీద బాంబులు వేసిన విమానాల్లో ఒకటి ఆయన నడిపిందే. ఇరాక్ మీదికి అమెరికా సైన్యం కదలడానికి ఏడు వారాలే ఉన్న రోజులవి. ఇది దేవుడు వేసిన శిక్షే అన్న మాటలు బాగ్దాద్ వీధుల్లో వినిపించాయని పేపర్లలో వచ్చింది. మా బస్తీలో కూడా ఒకరిద్దరు అన్నారు. బాంబు కింద పడుకోబోయేవాడి నోట ఆ మాట వస్తే అర్థం చేసుకోగలను. హయత్‌నగర్‌లో చాయ్ తాగుతూ అనేవాడిని మాత్రం ఒప్పుకోలేను. రామోన్ బాంబు వేసినరోజు తప్పు. రామోన్ రెక్క కాలి చచ్చినరోజు ఆయన నలుగురు పిల్లలకు తండ్రి. రెండోది చూడలేకపోతే, గుజరాత్‌లో మా పిల్లల్ని చూడలేకపోయినవాళ్ళను నిలదీసే నోరు మాకెక్కడిది?

మన దగ్గర కూడా రాకెట్టు ప్రాణాలు తీసింది. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు కాలిపోయారు. వాళ్ళు వ్యోమగాములు కాదు కాబట్టి వాళ్ళ పేర్లు ఏ ఉపగ్రహానికీ పెట్టలేదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున లేచి, పాకిస్తాన్‌లో 124 కిలోమీటర్లు లోపలికి పోయి మియాన్ చన్నూ దగ్గర పడింది. దానికి పేలుడు తల లేదు. ఎవరూ చావలేదు. విచారణ జరిపి ఆగస్టులో ముగ్గురు వైమానికదళ అధికారులను తీసేశారు. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య ఒక క్షిపణి తప్పిపోతే, దాన్ని వెనక్కి పిలిచే తాడు ఎవరి చేతిలోనూ లేదు. అప్పుడు అవతల కూడా ఒక పెత్రోవ్ ఉండాల్సిందే. 2025 మేలో రెండు దేశాలూ నాలుగు రోజులు నిజంగానే కొట్టుకున్నాయి. జూన్ 25న శుభాంశు శుక్లా అమెరికా రాకెట్టెక్కి రోదసికి పోయాడు. మధ్యలో ఆ రాకెట్టులో ఆక్సిజన్ కారుతోందని ప్రయాణం ఆపి బాగుచేశారు. ఎవరూ తొందరపెట్టలేదు, పిరికితనం అనలేదు. యుద్ధం ఆపమన్నవాడినే పిరికివాడనీ, ద్రోహి అనీ అన్నారు.

శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం ఆ తప్పించే రాకెట్టును పరీక్షించారు. మనుషులు ఎక్కలేదు, ఖాళీ గదే. వాన మబ్బుల వల్ల ముందే ఆలస్యమైంది. తీరా లేవడానికి ఐదు సెకన్లుందనగా కంప్యూటరుకు ఏదో తేడా కనబడి తనంతట తానే ఆపేసింది. టీవీల ముందు దేశమంతా ఉసూరుమంది. వాళ్ళు తప్పు వెతికి సరిచేసి పది గంటలకు పంపారు. గది ధ్వనిని మించిన వేగం మీద విడిపోయి, పారాచూట్లతో తీరానికి పది కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దిగింది. నీళ్ళలో తలకిందులుగా తేలింది. నేవీ మునిగేవాళ్ళు పోయి పట్టుకొచ్చారు. నిటారుగా ఎందుకు తేలలేదని ఇస్రోవాళ్ళు మళ్ళీ లెక్కలు మొదలుపెట్టారు.